నేను క్షమించిన మనిషి

నేనొక మనిషిని క్షమించాను. ఆమె చేయని తప్పుకు. ఆ తప్పు చేసింది నేను.

ఇంతకాలం ఈ మాటలు ఎవరికీ చెప్పలేదు. ఎన్నేళ్లయిందో రాయను, రాస్తే మా ఊరివాళ్లు వెనక్కి లెక్కపెట్టుకుని ఎవరి సంగతో పోల్చేస్తారు. గుండె మీద బండ పెట్టుకుని బతికానని చెప్పుకుంటే వినడానికి బాగుంటుంది. మొదట్లో బండే. తర్వాత అది తిమ్మిరి అయింది. చెయ్యి తలకింద పెట్టుకుని పడుకుంటే లేచాక కాసేపు ఆ చెయ్యి మనది కానట్టు వేలాడుతుంది కదా, నాకు లోపలంతా అట్లా అయింది. గిల్లుకున్నా తెలియడం లేదు. ఆమె రోజూ పొద్దున తాండూరు బస్సు కోసం మా ఇంటి ముందునుంచే పోతుంది. "బాగున్నవా చెల్లె" అంటుంది. బాగున్నానంటాను. అందులో అబద్ధమేమీ లేదు, నేను బాగానే ఉన్నాను. వేళకు తింటున్నాను, పడుకుంటే నిద్ర పడుతోంది.

మీరెవరో నాకు తెలియదు. తెలియకపోవడమే మేలు. తెలిసినవాళ్లకైతే మొహం చూస్తూ చెప్పాలి.

ఆమెను సుగుణక్క అని రాస్తాను. అసలు పేరు వేరు. మా ఊరు బంట్వారం నుంచి తాండూరు పోయే దిక్కున ఉంటుంది, అంతవరకు చాలు. మాకు చుట్టరికం లేదు. ఆదివారం ఒకే చర్చిలో ఒకే చాప మీద కూర్చుంటాం. వయసులో పెద్దది కాబట్టి నాకు అక్క.

మా ఆయన పెళ్లయిన కొత్తలో తాండూరులో నాపరాళ్లు పాలిష్ చేసే ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. ఆ రాతిదుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోయి దగ్గు పట్టుకుంది. డాక్టరు ఆ పని మానమన్నాక, మాకున్న కాస్త ఎర్ర చెలకలో పందులు, నాటుకోళ్లు పెట్టాడు. "నేనైతే దుమ్ము తిన్న. వీటికైన మంచి తిండి పెడ్దాం" అన్నాడు. సంచుల్లో వచ్చే దాణా లేదు, బలానికి సూదిమందు లేదు. కంది కోసేసిన చేనులో పందుల్ని వదిలితే ముట్టెలతో నేలంతా తిరగేసేవి. వాటి వెనకే కోళ్లు, బయటపడ్డ పురుగుల కోసం. కుండలో పేడా గడ్డీ కుక్కి తడినేల మీద బోర్లిస్తే చెదలు పట్టేవి. తెల్లారి నేను ఆ కుండ ఎత్తుతుంటే చెదలు తినడానికి కోడిపిల్లలు నా పాదాల మీదుగా ఉరికేవి. దొడ్డి చుట్టూ నాపరాళ్లు నిలువుగా పాతి గోడ కట్టాం. లోపల కంది పొట్టు, ఎండాకులు మందంగా పరిచేవాళ్లం. పందుల దొడ్డిలో వాసన లేదంటే నమ్మనివాళ్లు వచ్చి, ముక్కు లోపలికి పెట్టి చూసి పోయేవారు.

హైదరాబాదు నుంచి కార్లలో వచ్చేవారు. ఫొటోలు తీసుకునేవారు. అది నాకు బాగా నచ్చింది, ఇదీ ఒప్పుకోవాలి. పందులు సాకేవాళ్లంటే మా దిక్కు ఎవరూ మర్యాదగా చూడరు. మమ్మల్ని మాత్రం 'సహజంగా పెంచేవాళ్లు' అన్నారు. ఆ ఒక్క మాటతో నా నడకే మారిపోయింది.

సుగుణక్క పందులు అట్లా పెరిగినవి కావు. ఆమెకు భర్త లేడు, పిల్లలు లేరు. ఇంటి వెనక చిన్న దొడ్డి. తాండూరు రోడ్డు మీది ఒక ఫంక్షన్ హాలులో మిగిలిన అన్నం, కూరలు, ప్లేట్లలో వదిలేసినవి డ్రమ్ముల్లోకి ఎత్తుకుని ఆటోలో తెచ్చి పెట్టేది. నేను కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకునేదాన్ని. "ఆ ఎంగిలి పెట్టకక్కా, ఎవరి రోగం ఎట్లొస్తదో" అని చాలాసార్లు చెప్పాను. నలుగురి ముందూ చెప్పాను. ఆ మాటలు తర్వాత నాకు అక్కరకొస్తాయని అప్పుడు తెలియదు.

కోళ్ల విషయానికొస్తే మాత్రం ఊరంతా ఆమె దగ్గరికే. మా ఊళ్లో కోడి పొదుగుకొస్తే దానికింద గుడ్లు ఎవరుపడితే వాళ్లు పెట్టరు. చెయ్యి మంచిదని పేరున్న మనిషిని పిలిచి పెట్టిస్తారు. ఆ చెయ్యి సుగుణక్కది. గంపలో బూడిద పోసి, మీద వరిగడ్డి పరిచి, ఉరుములకు గుడ్లు మురిగిపోకుండా ఒక ఇనుప మేకు, ఒక బొగ్గుముక్క పెట్టేది. ఒక్కో గుడ్డునూ చెంపకు ఆనించుకుని, అప్పుడు గంపలో పెట్టేది. ఎందుకట్లా అంటే నవ్వేది తప్ప చెప్పేది కాదు. ఎంత పొగరుబోతు కోడైనా ఆమెను పొడిచేది కాదు. ఎవరింట్లోనూ ఏమీ తీసుకునేది కాదు, ఇచ్చిన చాయ తాగి వచ్చేసేది. ఒంటరి మనిషికి ఊళ్లో ప్రతి ఇంటి గడపా ఎక్కడానికి ఆ చెయ్యే దారి. భర్త లేని ఆడదని ఎవరూ ఆమెను పక్కన పెట్టలేదు. కొత్త కోడలు కాపురానికొచ్చిన ఇంట్లో కూడా మొదటి కోడికి గుడ్లు పెట్టడానికి ఆమెనే పిలిచేవారు. మా కోళ్లన్నీ ఆమె చేతిమీద పుట్టినవే.

ఒక వానాకాలం మా ఆయనకు దగ్గు ముదిరి వికారాబాద్ ఆసుపత్రిలో చేర్చుకున్నారు. పగలు అక్కడ ఉండి, సాయంత్రం బస్సుకు ఇంటికొచ్చి పశువులను చూసుకునేదాన్ని. ఒక పొద్దున లేచి చూస్తే దొడ్డిలో ఒక పంది చచ్చి ఉంది. ముందు రోజు అది తిండి ముట్టలేదు. చెవులు, పొట్టకింద చర్మం ఊదారంగుకు తిరిగాయి.

అదేమిటో నాకు తెలియదని రాయాలనుంది. కానీ పక్క మండలంలో పందులు అట్లాగే పోతున్నాయని సంతలో విన్నాను. అది పందుల జ్వరమని, దానికి మందు లేదని విన్నాను. పశువుల డాక్టరుకు తెలిస్తే ఆ దొడ్డిలోవన్నీ చంపి పూడ్చిపెట్టిస్తాడని కూడా విన్నాను.

డాక్టరుకు ఫోన్ చేయాలి. చేయలేదు. చచ్చినదాన్ని ఈడ్చుకుంటూ పోయి కంది చేను మూలన పూడ్చాను. నేల మెత్తగా ఉంది, గొయ్యి తొందరగానే పడింది. పైన ముళ్లకంప వేశాను. చేతులు కడుక్కుని మా ఆయనకు ఫోన్ చేసి, అన్నీ మంచిగున్నాయని చెప్పాను.

మాకొక నల్ల ఆడపంది ఉండేది. చూడిది. ఈనే రోజులు దగ్గరపడ్డాయి. ఆసుపత్రి మంచం మీద కూడా మా ఆయన దాని గురించే అడిగేవాడు. మిగిలినవన్నీ పోయినా అదొక్కటి నిలిస్తే మళ్లీ దొడ్డి నిండుతుంది. దాన్ని ఇక్కడినుంచి తప్పించాలి. ఎక్కడికి?

మా దగ్గర పాలుకియ్యడం అని ఒక పద్ధతుంది. పశువును అమ్మకుండా ఇంకొకరికి సాకమని ఇస్తాం. ఈనితే పిల్లల్లో సగం వాళ్లకు, సగం మనకు. ఇచ్చినవాళ్లు మేలు చేసినట్టే లెక్క. ఆ నల్లదాన్ని పాలుకియ్యమని సుగుణక్క ఎంతోకాలంగా అడుగుతోంది. ఎంగిలి పెట్టేవాళ్లకు మా పందినివ్వనని ప్రతిసారీ చెప్పి పంపేదాన్ని.

ఆ పొద్దున నేనే ఆమెకు కబురు చేశాను.

ఆమె వచ్చేలోపు దొడ్డిలోకి పోయి నల్లదాని చెవి పట్టుకుని చూశాను. జ్వరముంటే పందికి చెవిలో తెలుస్తుంది, మా ఆయనే నేర్పాడు. చెవి వేడిగా ఉంది. అది రాత్రంతా చచ్చినదాని పక్కనే పడుకుంది. అయితే అప్పటికే దొడ్డి మీద ఎండ పడుతోంది. ఎండకు వేడెక్కి ఉంటుందని అనుకున్నాను. అట్లా అనుకోవడానికి పెద్దగా కష్టపడలేదు. పడి ఉంటే ఇప్పుడు చెప్పుకోవడానికి ఏదో ఒకటి ఉండేది.

సుగుణక్క ఖాళీ యూరియా సంచిని తలమీద ముసుగేసుకుని, బురద కాళ్లతో ఉరుక్కుంటూ వచ్చింది.

"నిజంగనే ఇస్తున్నవా చెల్లె? నీ మనసు మారకముందే తోలుకపోత" అంది.

ఆయనకు బాగాలేదని, ఒక్కదాన్నే ఇన్నింటిని చూసుకోలేనని చెప్పాను. అందులో ప్రతి ముక్కా నిజమే. ఆమె నల్లదాని కాలికి తాడు కట్టింది. చూడిదని తొందరపెట్టకుండా, దారి పొడవునా దానితో ఏదో మాట్లాడుకుంటూ నడిపించుకుపోయింది. మలుపు దగ్గర వెనక్కి తిరిగి నాకు చెయ్యెత్తి చూపింది. నేనూ చెయ్యెత్తాను.

ఆమె దొడ్డిలో ముందు నల్లది పోయింది. తర్వాత ఆమెవన్నీ పోయాయి. ఆ వెంటనే మావి. కొన్ని రోజుల్లోనే రెండు దొడ్లూ ఖాళీ. ఊరికి కనిపించిన వరస అది, ముందు ఆమె దొడ్డి, తర్వాత మాది. కంది చేను మూలనున్నది ఎవరికీ కనిపించలేదు. పశువుల డాక్టరు వచ్చి, పందులకు ఏం పెడతారని అడిగాడు. సుగుణక్క దాచకుండా చెప్పింది. ఎంగిలి వల్ల కూడా వస్తుందమ్మా అన్నాడాయన. 'కూడా' అన్నాడు. ఆ 'కూడా' ఊళ్లో ఎవరి చెవికీ ఎక్కలేదు. పక్కనే నిలబడ్డ నేను విన్నాను. ఆ రోజు నోరు తెరిస్తే అయిపోయేది. నన్నెవరూ అడగలేదు కదా అనుకున్నాను. అడిగితే చెప్పేదాన్నా? ఏమో.

ఆ ఆదివారం చర్చి అయ్యాక సుగుణక్క మా ఇంటికొచ్చింది. లోపలికి రమ్మంటే రాలేదు. గడప అవతలే నిలబడింది. మా ఆయన ఆసుపత్రి నుంచి వచ్చి లోపల మంచం మీద కూర్చుని ఉన్నాడు.

"చెల్లె, నీ ఇల్లు నేనే ముంచిన" అంది.

నేను గడప దాకా వచ్చాను.

"ఎన్నిమార్లు చెప్పినవ్ నువ్వు, ఎంగిలి వద్దక్కా అని. ఇనకపోతి. నన్ను నమ్మి సూడిదాన్ని చేతుల పెట్టినవ్. దాన్నీ సంపిన, నీ దొడ్డికీ రోగం తెచ్చిన. నా చెయ్యి పాడుగాను. నన్ను మాఫ్ జెయ్యి చెల్లె, నీ కాళ్లు మొక్కుత."

నిజంగానే వంగింది. భుజాలు పట్టుకుని ఆపాను.

"పోనీ తియ్యక్కా. నువ్వు కావాలని చేసినవా? నేనేం మనసుల పెట్టుకోలే" అన్నాను.

నా గొంతు వణకలేదు. అది నాకు బాగా గుర్తుంది, ఎందుకంటే వణుకుతుందేమోనని నేనే చెవులు రిక్కించి విన్నాను. ఆమె కళ్లు తుడుచుకుని, "నీ అసొంటి మనిషి ఉండదు" అంది. ఊళ్లో కూడా అదే చెప్పుకుంది. సుగుణక్క అంత నష్టం చేసినా ఒక్క మాట అనలేదని నన్ను మెచ్చుకోనివాళ్లు లేరు.

నేను చేసిందానికి పేరేమిటో నాకు ఇప్పటికీ తెలియదు. దొంగతనం అంటే అర్థమవుతుంది, మోసం అంటే అర్థమవుతుంది. నా తప్పును తీసుకుపోయి ఆమె చేతిలో పెట్టి, మళ్లీ ఆ తప్పుకు ఆమెను నేనే క్షమించి, ఆ క్షమించినందుకు వచ్చిన మంచిపేరును కూడా నేనే తిన్నాను. పాలుకు ఇచ్చినా సగం నాకు రావాలి. ఇది మొత్తం ఆమెకే ఇచ్చాను.

ఆ తర్వాత ఆమె పందులు పెట్టలేదు. అది సరే, మేమూ పెట్టలేదు. కానీ గుడ్లు పెట్టడం కూడా మానేసింది. ఎవరైనా పిలిస్తే, నా చెయ్యి మంచిది కాదమ్మా, ఇంకొకరిని పిలుచుకోండి అనేది. ఒకటి రెండుసార్లు బతిమాలారు. తర్వాత పిలవడం మానేశారు. ఇంకొంత కాలానికి, ఆమె వద్దంటోందంటే ఏదో ఉండే ఉంటుందని వాళ్లకూ అనిపించినట్టుంది. ఇప్పుడు కొత్త కోడలు వచ్చిన ఇంటికి ఆమెను పిలవరు. తాండూరులో పప్పుమిల్లుకు కూలికి పోతుంది. దారిన నడిచేటప్పుడు చేతులు రెండూ కొంగులో చుట్టుకుని నడుస్తుంది, చలి లేకపోయినా.

మాకు కోళ్లు మిగిలాయి. చూడడానికి ఇప్పటికీ జనం వస్తుంటారు. మా ఆయన వాళ్లకు చెదల కుండలు చూపిస్తాడు, ఆకుల పరుపు చూపిస్తాడు, చివరకు ఖాళీ పందుల దొడ్డి దగ్గర నిలబెట్టి ఈ కథ చెబుతాడు. ఎంగిలి ఎందుకు పెట్టకూడదో చెప్పడానికి. "మా ఊళ్లె ఒకామె ఉండె..." అని మొదలుపెడతాడు. పేరు చెప్పడు, మంచిమనిషి. అసలు జరిగింది ఆయనకు కూడా తెలియదు మరి. నేను ట్రేలో చాయ్ పట్టుకుని పక్కనే నిలబడి ఉంటాను. ఎన్నిసార్లు విన్నానో. ఇప్పుడు వింటుంటే నాకు కూడా అదే జరిగినట్టు అనిపిస్తుంది.

మా చర్చిలో ఆదివారం ఎవరైనా లేచి సాక్ష్యం చెప్పవచ్చు. తాగుడు మానినవాళ్లు చెబుతారు, అత్తను తిట్టినవాళ్లు చెబుతారు. ఒకసారి సుగుణక్క లేచి, చెల్లె నన్ను క్షమించింది కాబట్టి బతికున్నానని చెప్పింది. అందరూ నావైపు చూశారు. నేను తల వంచుకున్నాను. వినయం అనుకున్నారు.

ఎందుకు చెప్పలేదు? మా ఆయన ఆరోగ్యం అనుకున్నాను కొన్నాళ్లు. ఊళ్లో తలెత్తుకోలేమని ఇంకొన్నాళ్లు. ఇప్పుడు చెబితే ఆమెకే కదా బాధ, పాతది తవ్వడమెందుకని మరి కొన్నాళ్లు. ఇవన్నీ కంది చేనులో వేసిన ముళ్లకంపలాంటివి. అసలు సంగతి సిగ్గుమాలినది. క్షమించిన మనిషిగా ఉండడం నాకు అలవాటైపోయింది. 'నీ అసొంటి మనిషి ఉండదు' అన్నప్పుడు భయంతోపాటు ఇంకోటి కూడా కలిగింది. అది సంతోషం.

ఈ మధ్య మా ఎర్రకోడి పొదుగుకొచ్చింది. బస్సుకు పోతున్న సుగుణక్కను వాకిట్లోకి పిలిచాను. ఈసారి చెప్పేయాలనే పిలిచాను. గుడ్లు పెట్టమన్నాను. ఆమె గంప దగ్గర వంగి కోడిని చూసింది. మొహంలో పాత వెలుగు కాసేపు కనిపించింది. చేతులు మాత్రం కొంగులోంచి తీయలేదు.

"నువ్వే పెట్టుకో చెల్లె. నా చెయ్యి తగిలితే మురుగుతయ్" అంది.

అక్కా అన్నాను. బస్సు హారన్ వినిపించింది. ఏంది చెల్లె అంది. ఏం లేదు, బస్సు పోతది, పో అన్నాను.

గుడ్లు నేనే పెట్టాను. బూడిద, వరిగడ్డి, మేకు, బొగ్గు. ఒక్కో గుడ్డునూ ఆమెలాగే చెంపకు ఆనించుకున్నాను. ఒక్కటీ మురగలేదు. అన్నీ పిల్లలయ్యాయి. మా ఆయన సంబరపడి కనబడ్డవాళ్లందరికీ చెప్పాడు. పక్కింటివాళ్లు పిలిచారు. పోయాను. అక్కడా అన్నీ పిల్లలయ్యాయి. ఇంకో ఇంటివాళ్లు పిలిచారు. అక్కడికీ పోయి గుడ్లు పెట్టి, ఇచ్చిన చాయ తాగి వచ్చాను. ఇప్పుడు మా ఊళ్లో చెయ్యి మంచిది ఎవరిదంటే నాదట.

నిన్న పొద్దున వెనక వీధినుంచి ఒకామె వచ్చింది. కోడలు కొత్తగా వచ్చింది, కోడి పొదుగుకొచ్చింది, నువ్వే వచ్చి గుడ్లు పెట్టాలంది.

"నా చెయ్యి మంచిది కాదు" అన్నాను.

ఆమె నవ్వింది. "నకరాలు జేయకు, జర తొందరగా రా" అని పోయింది.

పోలేదు. ఇంట్లోకొచ్చి కూర్చుని ఇది రాయడం మొదలుపెట్టాను. ఇది చదివి నన్నెవరూ క్షమించనక్కర్లేదు. క్షమించడం ఎంత తేలికో నాకు తెలుసు. రేపు ఆమె ఇదే దారిన బస్సుకు పోతుంది. ఆపి చెబుతానని మీకు మాటివ్వలేను, నా మాట మీద నాకే నమ్మకం లేదు. ఇక్కడ కూడా ఒకచోట అబద్ధం రాశాను. కొట్టేయకుండా అట్లాగే ఉంచుతున్నాను, ఇన్నాళ్లూ నాకు నేను ఎట్లా చెప్పుకున్నానో మీకు తెలియాలి.

దొడ్డి మీద ఎండ పడుతోందని రాశాను. ఎండ లేదు. ఆ రోజు తెల్లవారుజామునుంచి ముసురు. నేల తడిసి ఉండబట్టే గొయ్యి అంత తొందరగా పడింది. సుగుణక్క సంచి ముసుగేసుకుని వచ్చింది వానకే. నేను పట్టుకున్నప్పుడు నల్లదాని చెవి మీదినుంచి నీళ్లు కారుతున్నాయి. చల్లటి నీళ్లు. వాటి కింద చెవి కాలిపోతోంది. నాకు తెలుసు. తెలిసే ఇచ్చాను.

రాసేశాను. అరచేతిలో సన్నగా సూదులు గుచ్చుతున్నట్టుంది, తిమ్మిరి వదిలేటప్పుడు ఉంటుందే, అట్లా.